మెదడులోని విద్యుత్తు – కుంగుబాటు చికిత్సా చరిత్ర

1800వ సంవత్సరమున వోల్టా లోహపు బిళ్లల నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్కలు పేర్చి, నిలకడగల విద్యుత్ప్రవాహమును సాధించెను. మరుసటి యేటనే ఇటలీలోని బొలోనా నగరమున, గాల్వానీ మేనల్లుడైన జియోవానీ ఆల్దీనీ ఆ ప్రవాహమును విషాదరోగపీడితుడగు ఒక రైతు తలకు సోకించెను. ముందుగా తన తలపైననే ప్రయోగించుకొని, కొన్నాళ్లు నిద్రకు దూరమయ్యెనట! రైతు స్వస్థుడయ్యెనని ఆయనయే వ్రాసికొనెను. రోగి యొక్కడు, వైద్యుడొక్కడు, సాక్ష్యమును వైద్యునిదే. ఇట్టి కథనములను కొంత సంశయముతో చదువుట మేలు.

ఈ వ్యాధికి తెలుగున నేడు కుంగుబాటను పేరు వాడుకయందున్నది. శాస్త్రపదములకంటె ఈ మాటయే నాకు తగినదని తోచును. కాలి క్రింది నేల దిగబడినట్లుండుటయే కదా ఆ బాధ.

ఆల్దీనీ నాటికి మెదడునకు విద్యుత్తునిచ్చు చేయి కలదే కాని, మెదడులోని విద్యుత్తును వినగల చెవి లేదు. 1875లో లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కాటన్ కుందేళ్ల, కోతుల మెదళ్లయందు స్వల్ప విద్యుత్ప్రవాహములను కనుగొనెను. మానవునియందు వానిని మొదట నమోదు చేసినవాడు జర్మనీలోని యేనా నగరపు మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో చూచిన దానిని 1929 వరకు ప్రకటింపనేలేదు. కన్నులు మూసికొన్నపుడు సెకనునకు సుమారు 10 తరంగములు. తెరవగనే అవి అణగును. 1934లో కేంబ్రిడ్జియందు ఎడ్రియన్, మాథ్యూసులు ధ్రువపరచిన పిదపనే పలువురు నమ్మిరి. ఇంతటి శ్రోత స్వయముగ కుంగుబాటునకు లోనై 1941లో ఆత్మహత్య చేసికొనెను.

1938లో రోము నగరమున చెర్లెట్టి, బీనీలు విద్యుదాఘాత చికిత్సను మొదలిడిరి. మత్తుమందిచ్చి చేయు ఆ చికిత్స నేటికిని తీవ్రరోగులకు మేలు చేయుచున్నది. కాని అది మెదడునంతటిని కుదుపును. ఒక్క తావునే ఎంచుకొను పద్ధతిని 1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరమున బెనబీద్ వణుకు రోగులయందు చూపెను. మెదడు లోతున సన్నని ఎలక్ట్రోడు తీగెను నిలిపి, రొమ్ము చర్మము క్రింద అమర్చిన బ్యాటరీ యంత్రముతో ఎడతెగక విద్యుత్ స్పందనములిత్తురు. 2005లో ప్రకటితమైన అధ్యయనమున, టొరంటోయందు హెలెన్ మేబర్గ్, ఆండ్రెస్ లొజానోలు ఏ మందుకును లొంగని ఆరుగురు కుంగుబాటు రోగులకు దీనిని ప్రయోగింపగా, ఆరు నెలలకు నలుగురు మెరుగుపడియుండిరి.

ఆరుగురి ఫలితము ఆశ కలిగించునే కాని నిరూపణము కాదు. అమెరికాలో 90 మందికి తీగెలమర్చి, కొందరికి యంత్రమును నడిపి, కొందరికి నడపక, ఎవరికేదో రోగులకు తెలియనీయక పరీక్షించిరి. 2017లో ప్రకటితమైన ఫలితమున, ఆరు నెలలకు ఇరుపక్షముల నడుమ చెప్పదగిన భేదము లేదు. పిమ్మట అందరికిని యంత్రమును నడుపగా, రెండేండ్లకు సుమారు సగముమంది మెరుగుపడిరి. పోల్చుటకు మరియొక పక్షము లేని లెక్క యిది. ఆల్దీనీ రైతు కథకు వలెనే దీనికిని సంశయము తప్పదు.

చికిత్స యింకను పరిశోధనాదశయందే యున్నది. 2023లో ప్రకటితమైన అధ్యయనమున చేయి, చెవి ఒకే పరికరమున కలిసినవి: విద్యుత్తునిచ్చు యంత్రమే మెదడు సంకేతములను వినెను. 10 మందిలో 9 మంది 24 వారములకు మెరుగుపడిరి. కొందరి సంకేతములయందు కోలుకొనుటను తెలుపు చిహ్నము దొరకెను. ఒక రోగి మాత్రము తేరుకొని మరల కుంగిపోయెను. పాత నమోదులను తిరిగి పరిశీలింపగా, సంకేతము కొన్ని వారములకు ముందే మారియుండెనని తెలిసినది. అప్పటికి ఆ రోగిని ప్రశ్నించి చూచిన వైద్యులకు ఏ మార్పును కనబడలేదు.