24 మెట్లు ఎక్కిన మన సినిమా

2024 మే 23, గురువారం. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో కాన్ పట్టణం, సినిమా ఉత్సవం జరుగుతున్న రోజులు. సముద్రాన్ని ఆనుకుని సాగే క్రోజెట్ అనే రోడ్డు మీద నిలబడి ఉన్నారు మీరు. మే చివర్లో ఇక్కడ పొద్దు వాలేసరికి దాదాపు తొమ్మిదవుతుంది. అందుకే సాయంత్రమైనా ఎండ చురుక్కుమంటోంది. ఒక పక్క ఈత కొలనంత నీలంగా సముద్రం, ఇంకో పక్క పెద్ద పెద్ద హోటళ్లు, మధ్యలో తాటిజాతి చెట్ల వరుస. నడుస్తున్న జనంలో సగంమంది నల్ల కోటు, బో టై వేసుకున్నారు. ఆడవాళ్లు నేల మీద జీరాడే గౌన్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని నడుస్తున్నారు. పోటీ విభాగం సినిమాల సాయంత్రం ప్రదర్శనలకు వేషం విషయంలో పట్టింపు ఎక్కువ. జీన్స్ ప్యాంటుతో వస్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారు.

రోడ్డు పక్కన కొందరు చేతిలో అట్టముక్క పట్టుకుని నిలబడ్డారు. దాని మీద సినిమా పేరు, కింద ‘ఒక్క ఆహ్వానం ఇప్పించండి’ అన్న అర్థం వచ్చే ఫ్రెంచి మాట. వాళ్లు కూడా పూర్తి సూటులోనే ఉన్నారు. టికెట్ దొరికిన మరుక్షణం లోపలికి పరుగెత్తాలి కదా! గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకైనా సీటు ఊరికే రాదు. నాలుగు రోజుల ముందు ఉదయం 7 గంటలకు ఫోన్ ముందు కూర్చుని బుక్ చేసుకోవాలి. క్షణం ఆలస్యమైతే సీట్లు అయిపోతాయి. మీ దగ్గర టికెట్ ఉంది. జేబు మీద చెయ్యి వేసి మరోసారి చూసుకోండి. ఈ రోజు సినిమా మనది: పాయల్ కపాడియా తీసిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’.

మనది అనడంలో ఎంత బరువుందో కాస్త లెక్క చూడాలి. 1946లో జరిగిన మొట్టమొదటి కాన్ ఉత్సవంలోనే చేతన్ ఆనంద్ ‘నీచా నగర్’ అత్యున్నత బహుమతి పంచుకున్న సినిమాల్లో ఒకటి. 1983లో మృణాల్ సేన్ ‘ఖారిజ్’కు జ్యూరీ బహుమతి వచ్చింది. 1994లో షాజీ ఎన్. కరుణ్ తీసిన ‘స్వాహమ్’ పోటీలో నిలిచింది. ఆ తరువాత 30 ఏళ్లపాటు ఏడాదికి వందల సినిమాలు తీసే దేశం నుంచి ఒక్కటి కూడా ప్రధాన పోటీకి రాలేదు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకున్న ఒక యువ దర్శకురాలు ఇప్పుడు ఆ తలుపు తోసింది.

ముందు మామూలు ప్రేక్షకులు ఎక్కుతారు. ఎర్ర తివాచీ అంచున టికెట్ స్కాన్ చేసి పంపుతున్నారు. సెల్ఫీ తీసుకోబోతే సిబ్బంది వారిస్తారు. 2018 నుంచి ఇక్కడ అది నిషేధం. రెండు వైపులా ఫోటోగ్రాఫర్లు, వాళ్లూ సూట్లలోనే. ముందు 24 మెట్లు. టీవీలో చూసినప్పుడు ఎంతో ఎత్తుగా అనిపించేవి, ఎక్కుతుంటే చప్పున అయిపోతాయి. పైన అద్దాల తలుపులు దాటగానే వీధి హోరు ఒక్కసారిగా తగ్గిపోయింది.

లూమియర్ హాలు. సుమారు 2,300 సీట్లు. తెర మీద బయట జరుగుతున్నది ప్రత్యక్ష ప్రసారమవుతోంది. లోపల కూర్చున్నవాళ్లంతా బయటి మెట్లను చూస్తున్నారు. సినిమా బృందం వచ్చింది. పాయల్, కని కుస్రుతి, దివ్య ప్రభ, ఛాయా కదమ్, హృదు హారూన్. కని చేతిలో పుచ్చకాయ ముక్కలా ఉన్న పర్సు. పాలస్తీనాకు సంఘీభావంగా తెచ్చింది అది. తివాచీ మీదే వాళ్లు డాన్సు మొదలుపెట్టారు. ఎవరో నేర్పిన నడక కాదది, పెళ్లిలో బంధువులు వేసే డాన్సు. హాల్లో నవ్వులు, చప్పట్లు. కాసేపటికి వాళ్లు లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. సినిమా ఒక్క ఫ్రేము కూడా పడకముందే ఇంత మర్యాద!

దీపాలు ఆరాయి. ప్రతి ప్రదర్శనకు ముందు వచ్చే చిన్న చిత్రం మొదలైంది. ఎర్రటి మెట్లు సముద్రం అడుగు నుంచి పైకి లేచి, నీళ్లు దాటి, చుక్కల ఆకాశం దాకా వెళ్తాయి. నేపథ్యంలో సాన్-సాన్స్ ‘అక్వేరియం’ సంగీతం. చివర బంగారు కొమ్మ గుర్తు. చప్పట్లు. తరువాత ముంబై.

రాత్రి మార్కెట్లో సరుకు దించుతున్న మనుషులు, వెలుగుతున్న బళ్లు, వాటి మీదుగా వలస వచ్చినవాళ్ల గొంతులు. ఏళ్లు గడిచినా ఈ ఊరిని ఇల్లు అనలేకపోతున్న గొంతులు. ఆ తరువాత ఇద్దరు మలయాళీ నర్సులు, ప్రభ, అను. జర్మనీ వెళ్లిన ప్రభ భర్త ఫోన్ చేయడమే మానేశాడు. ఒక రోజు గుమ్మంలోకి ఒక పార్సిల్ వస్తుంది. లోపల కొత్త రైస్ కుక్కర్, ఉత్తరం ముక్క లేదు. రాత్రి అంతా నిద్రపోయాక ప్రభ వంటింట్లో నేల మీద కూర్చుని ఆ కుక్కర్‌ను రెండు చేతులతో దగ్గరికి తీసుకుంటుంది. మాట లేదు, ఏడుపు లేదు. పక్క సీట్లో మలయాళమూ హిందీ రాని మనిషి కాస్త ముందుకు వంగాడు. చుట్టూ చూడండి. ఒక్క ఫోన్ వెలగడం లేదు. రెండు వేల మంది పరాయి దేశస్తులు ఒక నర్సు వంటింట్లోకి చూస్తూ ఊపిరి బిగబట్టారు. ఇంత దూరం వచ్చింది ఈ నిమిషం కోసమే.

ముంబై వాన వెలిసి కథ రత్నగిరి తీరానికి చేరింది. కాగితాలు లేక ఇల్లు పోగొట్టుకుంటున్న, వాళ్ల ఆసుపత్రిలోనే పనిచేసే పార్వతి సొంత ఊరికి వెళ్తే, మిగతా ఇద్దరూ తోడు వెళ్లారు. తెర చీకటైంది. హాల్లో దీపాలు వెలగగానే జనం మళ్లీ లేచారు. కెమెరా పాయల్ ముఖం మీదికి వెళ్లింది, ఆ ముఖం పెద్ద తెర మీద కనబడింది. చప్పట్లు ఆగడం లేదు. 8 నిమిషాలని ఆ రాత్రి పత్రికలు రాశాయి. ఆ బృందంలోనివాళ్లు ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. మీ అరచేతులు మండుతున్నా ఆపబుద్ధి కాదు.

బయటికి వస్తే పార్టీల వేళ. పెద్ద ప్రీమియర్ల తరువాత ఈ బీచ్ మీద ఏదో ఒక తెల్లటి టెంటులో జనం చేరతారు. అలాంటి ఒక దాంట్లోకి రండి. గుమ్మంలో జాబితా పట్టుకున్న అమ్మాయి మీ పేరు వెతికి, చేతికి పట్టీ కట్టింది. ఇసుక మీద చెక్కలు పరిచారు. అయినా హీల్స్ వేసుకున్నవాళ్లు తడబడుతున్నారు. లేత గులాబీ రంగు వైన్, నోట్లో ఒక్క ముద్దకు సరిపోయే చిరుతిళ్లు. సంగీతం ఎంత గట్టిగా ఉన్నా అందరూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుతూనే ఉన్నారు.

కాస్త చెవి ఒగ్గితే తెలుస్తుంది, ఇక్కడ విందు సగం, వ్యాపారం సగం. ఏ దేశానికి హక్కులు ఎవరు కొంటున్నారు, చప్పట్లు ఎంతసేపు మోగాయి, పొద్దున రివ్యూలు ఎలా ఉండబోతున్నాయి. కాన్‌లో సినిమా మార్కెట్ 1959 నుంచి నడుస్తోంది. మీరు సినిమా చూసిన భవనంలోనే దాని దుకాణాలూ ఉన్నాయి. దీన్ని తప్పు పట్టాల్సిన పని లేదు. ఫ్రాన్స్, భారత్, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ నిర్మాతలు చేతులు కలిపితేనే పాయల్ సినిమా తయారైంది. స్టార్ లేని, పాటల్లేని ఇలాంటి సినిమా పది దేశాల థియేటర్లకు చేరాలంటే ఎవరో ఒకరు ఇలాంటి చోట నిలబడి దాని గురించి మాట్లాడాలి. ఉత్తర అమెరికా హక్కులు సైడ్‌షో, జానస్ సంస్థలు తీసుకున్నాయి. రెండు గంటల నిశ్శబ్దాన్ని ప్రపంచమంతా మోసుకెళ్లే పని ఈ సందడిలోనే మొదలవుతుంది.

రెండు రోజుల తరువాత, మే 25న గ్రెటా గెర్విగ్ అధ్యక్షతన ఉన్న జ్యూరీ ఈ సినిమాకు గ్రాండ్ ప్రి ప్రకటించింది. అత్యున్నత బహుమతి అయిన బంగారు కొమ్మ తరువాత అంతటి బహుమతి అదే. అదే ఏడాది ‘అన్ సెర్టెన్ రిగార్డ్’ విభాగంలో అనసూయ సేన్‌గుప్తా ఉత్తమ నటి అయింది.

పాయల్ సినిమా ప్రయాణంలో మన తెలుగువాళ్లకూ భాగముంది. ఈ సినిమాను మన దేశంలో విడుదల చేసే బాధ్యత తీసుకున్నది రానా దగ్గుబాటికి చెందిన స్పిరిట్ మీడియా. 2024 నవంబర్ 22న అది దేశమంతటా థియేటర్లకు వచ్చింది. సినిమాకు మొదటి రోజు మొదటి ఆటకు వెళ్లే అలవాటు తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ అలవాటులో ఒక్క పాలు చిన్న సినిమాకు ఇస్తే చాలు. కాన్ హాలులో నాకు గొప్పగా తోచింది తివాచీ కాదు, పరాయి భాష సినిమాకు అక్కడి జనం ఇచ్చిన శ్రద్ధ. దానికి సూటూ బూటూ అక్కర్లేదు, విమానం టికెట్టూ అక్కర్లేదు. ఇలాంటి సినిమా మీ ఊరి థియేటర్‌కు వస్తే మొదటి వారంలోనే వెళ్లండి, ఫోన్ జేబులో పెట్టి చూడండి. రెండో వారానికి అది అక్కడ ఉంటుందన్న హామీ లేదు.