పరిమితుల వర్గీకరణ

ఒక వ్యవస్థ ఏ స్థితులకు చేరగలదో, దాన్ని నడిపేవారు ఏ నిర్ణయాలు తీసుకోగలరో నిర్దేశించే షరతులను పరిమితులు అంటారు. వీటికి సర్వామోదం పొందిన వర్గీకరణ లేదు. గణితం, యాజమాన్య శాస్త్రం, సంక్లిష్ట వ్యవస్థల అధ్యయనం ఎవరి అవసరాన్ని బట్టి వారు విడదీసుకున్నాయి. కృష్ణానది జలాశయాల నిర్వహణలో దాదాపు అన్ని రకాలూ ఎదురవుతాయి కాబట్టి ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే.

మూలాన్ని బట్టి చూస్తే కొన్ని పరిమితులు ప్రకృతివి, కట్టడానివి. కొన్ని మనుషులు రాసుకున్నవి. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. 2009 అక్టోబరు వరదలో సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి. గేట్లన్నీ ఎత్తినా అంత నీరు బయటికి పోదు. మట్టం 896 అడుగుల దరిదాపులకు పెరిగింది. అక్కడ ఏ ఉత్తర్వూ పనిచేయదు. అదే జలాశయానికి కనీస నీటిమట్టం సంగతి వేరు. 1996 నాటి జీవో 69 ప్రకారం అది 834 అడుగులు. 2004లో వచ్చిన జీవో 107 దాన్ని 854కు పెంచింది. ఈ ఎనిమిదేళ్లలో డ్యాం మారలేదు, నది మారలేదు. విద్యుదుత్పత్తికీ రాయలసీమ సాగునీటికీ మధ్య మొగ్గు మారింది. అడుగుల్లో రాసి ఉండటం వల్ల ఇలాంటి అంకె కూడా కాంక్రీటు గోడలాగే కదలనిదనిపిస్తుంది. పరిమితుల విషయంలో తరచుగా జరిగే పొరపాటు ఇదే. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో లెక్కగట్టిన 2,060 టీఎంసీల నికర జలాలూ ఈ రెండో కోవలోవే. ఎంత విశ్వసనీయతను ప్రమాణంగా తీసుకోవాలో నది చెప్పదు.

గణితంలో మరో విభజన ఉంది. ఉల్లంఘిస్తే పరిష్కారమే చెల్లనివి కఠిన పరిమితులు. ఉల్లంఘనకు కొంత మూల్యం చెల్లించి ముందుకు పోగలిగేవి మృదు పరిమితులు. జార్జ్ డాంట్‌జిగ్ 1947లో సింప్లెక్స్ పద్ధతిని రూపొందించాక పరిమితులకు లోబడి ఉత్తమ ఫలితాన్ని వెతికే లెక్కలు పెద్ద ఎత్తున చేయడం సాధ్యమైంది. వాటిలో ప్రతి పరిమితికీ ఒక నీడ ధర వస్తుంది. అంటే దాన్ని ఒక్క యూనిట్ సడలిస్తే ఫలితం ఎంత మెరుగవుతుందన్న లెక్క. బిగుసుకోని పరిమితికి ఈ ధర సున్నా. వరద నీరు సముద్రం పాలవుతున్న రోజుల్లో కృష్ణా డెల్టాకు మరో టీఎంసీ ఇచ్చినా ఒరిగేదేమీ లేదు. వరి పొట్ట దశలో ఉండి శివారు భూములు నెర్రెలిస్తున్నప్పుడు అదే టీఎంసీకి వెల కట్టలేం.

ఇజ్రాయెల్‌కు చెందిన ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో వచ్చిన ‘ది గోల్’ అనే నవలతో మరో దృష్టిని ప్రచారంలోకి తెచ్చారు. ఏ సమయంలోనైనా వ్యవస్థ మొత్తం వేగాన్ని నిర్ణయించేది ఒకటో రెండో ఇరుకు చోట్లేనని, మిగతావాటిని బాగుచేసి లాభం లేదని ఆయన వాదన. ఫ్యాక్టరీకి ఇది బాగా నప్పుతుంది. నదిలో మాత్రం ఇరుకు చోటు రుతువుతో పాటు మారుతుంది. 2024 సెప్టెంబరు వరదలో అది ప్రకాశం బ్యారేజీ: 11.9 లక్షల క్యూసెక్కులకు రూపొందించిన కట్టడం మీదుగా 11.43 లక్షలు పోయాయి. పులిచింతల జలాశయం దిగువన ఉపనది మున్నేరు తెచ్చే నీటిని ఆపడానికి చోటే లేదు. బ్యారేజీలో నిలిచేది మూడు టీఎంసీలే. వేసవిలో ఆ ఇరుకు ఎగువ జలాశయాలకు మారిపోతుంది.

నిర్ణేత మనసుకూ హద్దులున్నాయి. సమాచారం, సమయం, లెక్కించే శక్తి పరిమితమే కనుక మనుషులు అత్యుత్తమమైన దానికోసం వెతకరని, సరిపోయేది దొరకగానే ఆగుతారని హెర్బర్ట్ సైమన్ 1950లలో వివరించారు.

పై వర్గీకరణలన్నిటిలోనూ పరిమితి అంటే అడ్డంకే. అలీషియా హువరెరో 1999లో ప్రచురించిన ‘డైనమిక్స్ ఇన్ యాక్షన్’ ఈ భావనను తిరగరాసింది: కొన్ని పరిమితులు విడివిడి భాగాలను కలిపి, అవి ఒంటరిగా చేయలేని పనులను సాధ్యం చేస్తాయి. ఈ మాట తెలుగువారికి కొత్తగా ఉండదు. అవధానంలో నిషిద్ధాక్షరి వద్ద పృచ్ఛకుడు అడుగడుగునా ఒక అక్షరాన్ని నిషేధిస్తాడు. దత్తపదిలో ఇచ్చిన పదాలన్నీ పద్యంలో ఇమిడి తీరాలి. ఒకటి వద్దనేది, మరొకటి కావాలనేది. రెండూ లేకపోతే ఆ పద్యం పుట్టేదే కాదు. పరిస్థితిని బట్టి నిర్ణయ పద్ధతిని ఎంచుకోవడానికి డేవ్ స్నోడెన్ రూపొందించిన కనెవిన్ చట్రం, అడ్డుకునే పరిమితికీ సాధ్యం చేసే పరిమితికీ మధ్య ఉన్న తేడానే వాడుకుంది. స్పష్టమైన వ్యవహారాల్లో బిగువైన పరిమితులు, నిపుణులు తేల్చగల చిక్కుల్లో పాలక పరిమితులు, నిజంగా సంక్లిష్టమైన చోట సాధక పరిమితులు పనిచేస్తాయంటారు స్నోడెన్. అల్లకల్లోలంలో పనిచేసే పరిమితి ఏదీ మిగలదు.

వర్గాలు చెప్పినంత స్థిరంగా పరిమితులు ఉండవు. శ్రీశైలం నిల్వ సామర్థ్యం మొదట 308 టీఎంసీలు. పూడిక చేరి ఇప్పుడది సుమారు 216కు తగ్గింది. 885 అడుగుల మట్టం మాత్రం గేజీ మీద అలాగే ఉంది.