బోరు చేసిన ఇంజను, మొదటి వెయ్యి కిలోమీటర్లు



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని సంఘం పెద్దలు కోరారు. కోటల గురించి, గుళ్ళ గురించి, ఉద్యమాల గురించి రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసులో ఎక్కువ భాగం ఆఫీసు బండ్ల లాగ్‌బుక్కులు, రిపేరు బిల్లులు చూసిన గుమాస్తాను. నాకు తెలిసిన చరిత్ర ఇంజన్లది. ఈ రోజుల్లో పాత అంబాసిడర్ల మీద మోజుపడే కుర్రవాళ్ళు దానికి సూపర్ ఛార్జర్ బిగిస్తే ఎట్లా ఉంటుందని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు మన జనగామ, మానుకోట, భూపాలపల్లి రోడ్ల మీద తిరిగిన బండ్ల చరిత్రలోనే చాలావరకు ఉంది.

గాలిని నెట్టే యంత్రం

ఇంజను అంటే గాలి, పెట్రోలు కలిపి మండించే కుంపటి. పిస్టను కిందికి దిగినప్పుడు సిలిండరులోకి ఎంత గాలి వస్తే అంత పెట్రోలే మండుతుంది. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదితే నిప్పు ఎట్లా రాజుకుంటుందో, ఇంజనులోకి గాలిని బలవంతంగా నెడితే బలం అట్లా పెరుగుతుంది. ఆ తిత్తి పేరే సూపర్ ఛార్జర్. ఇంజను తిప్పే బెల్టుతోనో గేర్లతోనో ఇది తిరుగుతుంది.

ఈ తిత్తి మొదట కార్ల కోసం పుట్టలేదు. అమెరికాలో రూట్స్ అనే అన్నదమ్ములు 1860లో గాలి ఊదే యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. అది కొలిముల్లో వాడుకలోకి వచ్చింది. ఇంజనులోకి గాలిని ముందే ఒత్తి పంపవచ్చునని జర్మనీలో డైమ్లర్ 1885లో పేటెంటు పొందాడు. 1921లో మెర్సిడెస్ కంపెనీ సూపర్ ఛార్జర్ ఉన్న కార్లను అమ్మకానికి చూపింది. ఇంగ్లండులో బర్కిన్ అనే పందెగాడు పట్టుబట్టి బెంట్లీ కారుకు సూపర్ ఛార్జర్ పెట్టించాడు. కంపెనీ పెట్టిన బెంట్లీకి అది ఇష్టం లేదు. 1930 లెమాన్ పందెంలో బర్కిన్ బండి మెర్సిడెస్‌తో హోరాహోరీగా పరుగెత్తింది. చివరికి సూపర్ ఛార్జర్ ఉన్న ఆ బెంట్లీలు, ఆ మెర్సిడెస్ అన్నీ దారిలోనే ఆగిపోయాయి. గెలిచింది సూపర్ ఛార్జర్ లేని బెంట్లీ! బలం ఒకటి, గమ్యం చేరడం మరొకటి అని ఆనాడే తేలింది.

మన అంబాసిడర్‌కు ఒక అన్న

అంబాసిడర్ కారు ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్‌కు మన దేశపు రూపం. హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో 1950ల చివర మొదలుపెట్టి 2014 దాకా తయారుచేశారు. 1959 నుంచి దానికి వచ్చిన ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను 1,489 సి.సి.ది. పిస్టను వ్యాసం 73 మిల్లీమీటర్ల పైచిలుకు. బలం సుమారు 50 హార్స్ పవర్. కలెక్టరు గారి కారైనా, టాక్సీ అయినా అదే ఇంజను.

ఇంగ్లండులో ఎం.జి. స్పోర్ట్స్ కార్లకు వాడింది కూడా ఈ కుటుంబపు ఇంజనే. అక్కడి వారు దానికి సూపర్ ఛార్జర్లు బిగించేవారు. 1957 ఆగస్టులో స్టిర్లింగ్ మాస్ అమెరికాలోని ఉప్పు మైదానం మీద ఎం.జి. వారి ప్రత్యేక రికార్డు కారును నడిపి గంటకు 245.64 మైళ్ళు, అంటే సుమారు 395 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఆ బండిలో ఉన్నది ఇదే వంశపు 1,489 సి.సి. ఇంజను. తలభాగం మార్చి, సూపర్ ఛార్జర్ బిగించి, దాదాపు 290 హార్స్ పవర్ రాబట్టారు. రెండేళ్ళ తరువాత 1959లో బోరు కాస్త పెంచి 1,506 సి.సి. చేశారు. ఫిల్ హిల్ నడిపితే వేగం గంటకు 254.91 మైళ్ళకు చేరింది. మన ఆఫీసు కారుకు ఇంత ఘనమైన అన్న ఉన్నాడని మనలో ఎందరికి తెలుసు?

మన రోడ్ల మీద

పెట్రోలు కారుకు సూపర్ ఛార్జర్ మన వైపు అరుదు. అయితే దాని తమ్ముడు టర్బో మాత్రం మనకు పాత చుట్టమే. పొగగొట్టంలో వృథాగా పోయే వేడి గాలితో చక్రం తిప్పి, ఆ చక్రంతో మంచి గాలిని లోపలికి నెట్టడం దాని పద్ధతి. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బుషీ 1905లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. జనగామ, మహబూబాబాద్ స్టేషన్ల మీదుగా ఏళ్ళ తరబడి రైళ్ళను లాగిన డబ్ల్యు.డి.ఎం.2 డీజిల్ ఇంజన్లకు 16 సిలిండర్లు, 2,600 హార్స్ పవర్. వాటికి ఊపిరి టర్బో సూపర్ ఛార్జరే. కాజీపేట డీజిల్ షెడ్డులో పనిచేసిన రైల్వే మిత్రులకు ఆ పేరు కంఠోపాఠం. భూపాలపల్లి ఓపెన్ కాస్టు గనుల్లో మట్టి మోసే డంపర్లలోనూ టర్బో ఇంజన్లే.

బోరు పని

ఇంజను నూనె తాగి నీలం పొగ వదిలితే, ఎత్తు ఎక్కలేకపోతే రింగులు అరిగాయన్న మాట. అప్పుడు మూడు కొటేషన్లు, మంజూరు, ఆ తరువాత పని. జనగామ మిస్త్రీలు ఇంజను విప్పి బ్లాకును వరంగల్ లేతు మిషన్లకు పంపేవారు. అరిగిన సిలిండరును గుండ్రంగా కోసి, దానికి సరిపడే పెద్ద పిస్టన్లు వేస్తారు. అంగుళంలో వెయ్యో వంతు లెక్కన 10, 20, 30, 40 సైజులు. నలభై సైజు దాటితే స్లీవు వేయాల్సిందే. కోసిన గోడ మీద హోనింగ్ రాళ్ళతో అడ్డదిడ్డంగా సన్నని గీతలు పెడతారు. తెలియనివాడు చూస్తే గీరుకుపోయిందనుకుంటాడు. ఆ గీతల్లోనే నూనె నిలుస్తుంది. ఆ గీతల మీదే కొత్త రింగులు రాసుకుని, గోడకు అతుక్కునేటట్లు కూర్చుంటాయి.

ఆ కూర్చోవడమే రన్నింగ్ ఇన్. మొదటి వెయ్యి కిలోమీటర్లు బండిని నలభై, యాభై వేగం దాటించకూడదు. ఒకే వేగంలో గంటల తరబడి నడపకూడదు. బరువు వేయకూడదు, ఎత్తులో పై గేరులో గుంజకూడదు. అట్లాగని మరీ మెల్లగా ఈడ్చినా రింగులు కూర్చోవు, గోడ నున్నబడిపోతుంది. కాస్త ఊపి, కాస్త వదలాలి. అయిదు వందలకు నూనె మార్చాలి. ఇనుప రజనంతా ఆ నూనెలోనే దిగుతుంది. హెడ్ బోల్టులు మళ్ళీ బిగించాలి, టాపెట్లు చూడాలి. మంచి డ్రైవర్లకు ఇది పుస్తకం చూడకుండానే వచ్చు.

1986 ఆగస్టు

ఆ సంవత్సరం గోదావరి వరద మీకందరికీ గుర్తే. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. మా ఆఫీసు పెట్రోలు జీపుకు అప్పుడే బోరు చేయించారు. ఇంకా మూడు వందల కిలోమీటర్లయినా తిరగలేదు. ఏటూరునాగారం వైపు వెళ్ళమని ఆర్డరు వచ్చింది. డ్రైవరు నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, ఇంజను ఇంకా సెట్టు గాలే. బియ్యం బస్తాలు ఏస్తే పట్టేస్తది. ఇంకో బండి దొరుకుతదేమో జర చూడుండ్రి" అన్నాడు. ఇంకో బండి లేదు. జనం నీళ్ళలో ఉన్నారు, పోక తప్పదు. బస్తాలు, నలుగురు మనుషులు, వానలో అడవి రోడ్డు. తాడ్వాయి దాటాక ఇంజను పట్టేసింది. బస్తాలు ఎడ్లబండి మీద ముందుకు పోయాయి.

ఏడాది తిరగకుండా రెండో ఓవర్‌హాల్ ఎందుకయిందని ఆడిట్ అడిగింది. డ్రైవరు జీతంలోంచి రికవరీ చేయాలని ఫైలు కదిలింది. అతనిది ముగ్గురు ఆడపిల్లల సంసారం. అప్పుడు లాగ్‌బుక్కు తీశాను. బోరు అయిన రోజు నుంచి ప్రతి పేజీలో "రన్నింగ్ ఇన్, నలభై దాటలేదు, బరువు లేదు" అని అతను వంకర అక్షరాలతో రాసుకున్నాడు. బయల్దేరే రోజు "బరువుతో పోతున్నాము, ఆర్డరు మీద" అని కూడా రాశాడు. ఆ పేజీల నకళ్ళు జతచేసి జవాబు పంపాము. అభ్యంతరం ఎత్తివేశారు, జీతం నిలిచింది. ఇంజనును ఎట్లా చూసుకున్నాడో రాసిపెట్టుకున్నందునే అతను బయటపడ్డాడు.

సూపర్ ఛార్జర్ పెట్టాలంటే

మామూలు బోరుకే ఇంత ఓపిక కావాలంటే, సూపర్ ఛార్జర్ బిగించే ఇంజనుకు ఇంకెంత కావాలి? మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. దానికి ఏడు పౌండ్లు కలిపితే గాలి దాదాపు ఒకటిన్నర రెట్లు. వేడీ, ఒత్తిడీ పెరుగుతాయి, పెట్రోలు వేళకు ముందే మండి ఇంజను టకటకా కొడుతుంది. అందుకే కంప్రెషన్ తగ్గించాలి, గట్టి పిస్టన్లు వేయాలి. వేడికి రింగుల కొనలు పెరిగి ఒకదానికొకటి తగలకుండా సందు కాస్త ఎక్కువ ఉంచాలి, నీళ్ళు చల్లబడే ఏర్పాటు పెంచాలి. రన్నింగ్ ఇన్ అయ్యేదాకా బెల్టు తీసేసి గాలి మామూలుగా పోయేటట్లు చేసి నడపడమో, ఒత్తిడి తగ్గించి ఉంచడమో మంచిది. రింగులు కూర్చున్నాకనే బలం చూడాలి.

చట్టం కూడా చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన నమూనాను ఇష్టం వచ్చినట్లు మార్చరాదు. 2021 నియమాల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన సొంత బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేయించవచ్చు, 'వి.ఎ.' గుర్తుతో నంబరు ఇస్తారు. అయితే చట్రం, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు చేసిన బండికి ఆ హోదా రాదు. కనుక కుర్రవాళ్ళకు నా సలహా ఒక్కటే. అసలు ఇంజనుకే మంచి బోరు చేయించి, ఓపికగా రన్నింగ్ ఇన్ చేయండి. అదే దానికి సగం బలం.

మనం చేయవలసినది

2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను ముగిసింది. పాత జీపులు, అంబాసిడర్లు తుక్కుకు పోయాయి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడి ఆఫీసులు విడిపోయినప్పుడు పాత కాగితాలు మూటల్లో తలోదిక్కు వెళ్ళాయి. బండ్లు లేవు, లాగ్‌బుక్కులు లేవు. మిగిలింది ఆ పని తెలిసిన మనుషులు. మిస్త్రీలు, డ్రైవర్లు, షెడ్డు ఫిట్టర్లు. వారిలో పలువురు మన సంఘ సభ్యులే.

ప్రతి యూనిట్ వారు తమ పరిధిలోని విశ్రాంత డ్రైవర్లను, మెకానిక్కులను కూర్చోబెట్టుకుని, వారు చెప్పినది వారి మాటల్లోనే ఒక నోటుబుక్కులో రాయించవలసిందిగా మనవి. అందులో చాలామంది రాయడానికి మొహమాటపడతారు. మన గుమాస్తాలం రాసిపెడదాం, జీవితమంతా చేసిన పనే కదా. ఇంట్లో కలాలు పట్టిన మనుమలు, మనుమరాళ్ళు కూడా తోడ్పడవచ్చు.