హైదరాబాద్ పెంచింది, కలకత్తా తీసుకుంది

1957లో ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం హైదరాబాద్ విడిచి కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. అంతకు ముందు ఏడాదే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుతో కలిసి నాలుగో స్థానం దాకా వెళ్లివచ్చిన కుర్రవాడు. సికింద్రాబాద్ అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టిన ఆయన్ను ఆటగాడిగా తీర్చిదిద్దింది హైదరాబాద్. ఆ ఊరికి గానీ, జట్టుకు గానీ, గురువుకు గానీ ఈ బదిలీ వల్ల పైసా రాలేదు.

అదే ఏడాది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు డ్యూరాండ్ కప్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌నే ఓడించింది. బొంబాయి రోవర్స్ కప్ కూడా గెలిచింది. ఆ సీజన్లోనే రాష్ట్ర జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ వరసగా రెండోసారి హైదరాబాద్ వశమైంది. తన గొప్ప ఫార్వర్డును పోగొట్టుకున్న ఊరు ఆ ఏడాదే దేశంలోని పెద్ద పోటీలు మూడింటిని గెలుచుకుంది.

హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు పడిపోయిందని అడిగితే పాతతరం అభిమానులు తరచు చెప్పే జవాబు ఒకటుంది: మన పిల్లల్ని కలకత్తా ఎత్తుకుపోయింది అని. ఆ బాధలో నిజం ఉంది. కానీ పైన చెప్పిన సంవత్సరం ఆ జవాబుకు లొంగదు. ఆటగాళ్లు వెళ్లిపోతున్న రోజుల్లోనే హైదరాబాద్ గెలిచింది. కాబట్టి ఎవరు వెళ్లారన్న లెక్కతో పాటు, వారి చోట్లోకి ఎవరు వచ్చారు, వాళ్లను ఎవరు తయారుచేశారు అన్నది కూడా చూడాలి.

తయారుచేసినవారిలో ముందు చెప్పవలసిన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. అందరికీ ఆయన రహీం సాహెబ్. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా సిటీ పోలీస్ జట్టుకూ, భారత జట్టుకూ శిక్షకుడిగా ఉన్నారు. జాతీయ జట్టు విజయాల వల్ల ఆయన పేరు నిలిచింది. ఊళ్లో ఆయన చేసిన పని మాత్రం పిల్లలతో మొదలైంది. డ్రిబ్లింగ్ చేయకూడదనే నియమంతో పోటీలు పెట్టారు. బంతి అందగానే పక్కవాడికి అందించడం అలా అలవాటైంది. బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు పెట్టారు. రెండు కాళ్లూ ఒకేలా పనిచేయడం అలా వచ్చింది. బడిలో అక్షరాలు దిద్దించినట్టే మైదానంలో ఒక్కొక్క నైపుణ్యాన్నీ విడదీసి దిద్దించిన పద్ధతి అది.

బలరాం ఆ పద్ధతిలో తయారైనవారే. సికింద్రాబాద్ నుంచి రోజూ హైదరాబాద్ మైదానానికి వచ్చే స్తోమత ఆ ఇంటికి లేకపోతే, అద్దె సైకిలుకు డబ్బులిచ్చి మరీ రహీం రప్పించుకున్నారు. ఆయన వ్యవస్థ ఎలా నడిచిందో చెప్పడానికి ఈ చిన్న సంగతి చాలు. ప్రతిభను గుర్తించే కన్ను, దాన్ని మైదానం దాకా తెచ్చే ఖర్చు, తెచ్చాక నేర్పే ఓపిక ఒకే చోట ఉన్నాయి. వాటికి తోడు పోలీసు శాఖలో ఉద్యోగం. కానిస్టేబుల్ జీతం పెద్దది కాదు. అయినా నెల తిరిగేసరికి చేతికందే జీతం ఒక పేదింటి కుర్రవాణ్ణి ఆటలో నిలబెట్టేది.

ఫలితాలు వెంటనే కనిపించాయి. 1950 నుంచి 1954 దాకా రోవర్స్ కప్‌ను సిటీ పోలీస్ వరసగా ఐదుసార్లు గెలిచింది. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ అందుకుంది, 1954లో మరోసారి గెలిచింది. 1956 ఒలింపిక్ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, బలరాం వంటి హైదరాబాదీలు కనిపించడం ఈ కృషికి సహజమైన కొనసాగింపు.

ఇక కలకత్తా. 1934 నుంచి 1938 దాకా అక్కడి లీగును వరసగా ఐదేళ్లు గెలిచిన మహమ్మడన్ స్పోర్టింగ్, బయటి ఊళ్ల నుంచి ఆటగాళ్లను తెచ్చుకుంటే ఏం సాధించవచ్చో అందరికీ చూపించింది. తర్వాత ఈస్ట్ బెంగాల్ ఆ దారిని ఇంకా విస్తరించింది. ఆ క్లబ్బు కార్యదర్శి జ్యోతిష్ గుహ ప్రతిభ ఎక్కడుందో వెతికి పట్టుకోవడంలో పేరు పొందారు. బలరాం అక్కడికి చేరడం ఆ వెతుకులాటలో భాగమే.

కలకత్తాలో క్లబ్బు మారడానికి ఏటా ఒక గడువు ఉండేది. లీగు మొదలుకాక ముందు, ఆ కొద్ది రోజుల్లోనే ఆటగాడు ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఐ.ఎఫ్.ఎ.) కార్యాలయానికి స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. ఈ ఒక్క నియమం చుట్టూ ఒక పెద్ద తతంగం పెరిగింది. సంతకం రోజు దాకా ఆటగాణ్ణి ఎవరి ఇంట్లోనో, ఏ హోటల్లోనో దాచిపెట్టేవారు. అవతలి క్లబ్బువాళ్లు దారిలో ఎత్తుకుపోకుండా మనుషులను వెంట పంపేవారు. తర్వాతి దశాబ్దాల్లో ఈస్ట్ బెంగాల్ తరఫున జీబన్ చక్రవర్తి, పల్టూ దాస్ జంట ఈ పనిలో దేశమంతటా పేరు మోసింది. గడువు ముగిసేలోగా ఎవరు ఎటు వెళ్లారన్నది కలకత్తా పత్రికలకు మొదటి పేజీ వార్త.

గడువు అనేది ఆటల ప్రపంచంలో మరోచోట మరో రకంగా పనిచేసింది. అమెరికా బేస్‌బాల్‌లో 1922 జులైలో న్యూయార్క్ యాంకీస్ జట్టు బోస్టన్ నుంచి జో డూగన్‌ను తెచ్చుకుంది. పోటీ హోరాహోరీగా ఉన్న వేళ ధనిక జట్టు ఇలా బలం కొనుక్కోవడం అన్యాయమని, ఆ పోటీలో ఉన్న సెయింట్ లూయిస్‌లో గగ్గోలు లేచింది. మరుసటి ఏడాది నుంచి జూన్ 15 దాటాక ఆటగాళ్ల మార్పిడికి ఆంక్షలు పెట్టారు. 1986లో ఆ గడువు జులై 31కి మారింది. 1920ల్లోనే సెయింట్ లూయిస్ కార్డినల్స్ అధికారి బ్రాంచ్ రికీ చిన్న లీగుల జట్లలో వాటాలు కొని, అక్కడ కుర్రవాళ్లను పెంచి పెద్ద జట్టులోకి తెచ్చుకునే ఏర్పాటు చేశారు. పెద్ద ఆటగాళ్లను కొనే డబ్బు లేని జట్టు తన ఆటగాళ్లను తానే పెంచుకోవడానికి కనుక్కున్న మార్గం అది.

ఈ రెండూ కలిసి ఒక లెక్కను పుట్టించాయి. ఓడిపోతున్న జట్టు తన పేరున్న ఆటగాణ్ణి గెలిచే జట్టుకిచ్చి, బదులుగా చిన్న లీగుల్లో ఎదుగుతున్న కుర్రవాళ్లను తీసుకుంటుంది. ఈనాటి విజయాన్ని వదులుకుని రేపటి జట్టును కొనుక్కోవడం ఇది. 1987 ఆగస్టులో డెట్రాయిట్ టైగర్స్ జట్టు అనుభవజ్ఞుడైన పిచర్ డాయిల్ అలెగ్జాండర్ కోసం జాన్ స్మోల్ట్స్ అనే ఇరవై ఏళ్ల కుర్రవాణ్ణి అట్లాంటాకు ఇచ్చింది. అలెగ్జాండర్ ఆ సీజన్ చివర ఆడిన తొమ్మిది విజయాల ఆటతో డెట్రాయిట్ తన డివిజన్ గెలిచింది. స్మోల్ట్స్ అట్లాంటాకు ఇరవై ఏళ్ల పాటు ఆడి 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యారు. ఇచ్చినవారికీ, తీసుకున్నవారికీ చేతిలో ఏదో ఒకటి మిగిలింది.

హైదరాబాద్‌కు మిగిలిందేమీ లేదు. అప్పటి భారత ఫుట్‌బాల్ కాగితం మీద అమెచ్యూర్ ఆట. ఆటగాడికి క్లబ్బు చాటుగా డబ్బు ముట్టజెప్పవచ్చు, రైల్వేలోనో పోర్టులోనో ఉద్యోగం చూపించవచ్చు. పెంచిన జట్టుకు పరిహారం ఇవ్వాలన్న నియమం మాత్రం లేదు. కుర్రవాడికి మంచి జీవితం దొరికింది, కలకత్తాకు మంచి ఆట దొరికింది. అతన్ని తయారుచేసిన మైదానానికి కొత్త బంతి కూడా రాలేదు. కలకత్తా మీద ఫిర్యాదు చేయాలంటే ఇక్కడ చేయాలి. తీసుకున్నందుకు ఎవరినీ తప్పుపట్టలేం. తీసుకున్నచోటికి తిరిగి ఏమీ ఇవ్వనక్కర్లేని ఏర్పాటును తప్పుపట్టాలి.

అయినా ఊరు చాలాకాలం నిలదొక్కుకుంది. దానికి కారణం రహీం కుర్రవాళ్ల వరస తెగకుండా చూసుకోవడమే. బలరాం వెళ్లాక కూడా యూసుఫ్ ఖాన్ వంటివారు పోలీస్ జట్టులోనే ఉండి, అవసరాన్ని బట్టి ఏ స్థానంలోనైనా ఆడారు. ఆంధ్ర పోలీస్ పేరుతో ఆ జట్టు 1960లో రోవర్స్, 1961లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ గెలిచింది. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి రోవర్స్ పంచుకుంది. అదే ఏడాది సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత జట్టు ఆసియా క్రీడల స్వర్ణం అందుకుంది. గోల్‌లో తంగరాజ్, ముందు వరసలో బలరాం, వారితో యూసుఫ్ ఖాన్. వెళ్లినవారూ ఉన్నవారూ ఒకే గురువు కింద ఒక జట్టయ్యారు. రహీం అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆయన నాటిన వరస మరికొన్నేళ్లు ఫలించింది. 1963లో ఆంధ్ర పోలీస్ మళ్లీ రోవర్స్ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ సాధించింది. ఆ విజయం వెంటనే కలకత్తా మళ్లీ వచ్చింది. 1966లో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్ చేరారు. హబీబ్‌కు అప్పటికి పదిహేడేళ్లు నిండీ నిండలేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో నయీముద్దీన్ నాయకత్వంలో, హబీబ్ ఆటతో భారత్ కాంస్యం గెలిచింది. 1977 సెప్టెంబరు 24న పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2గా నిలిచినప్పుడు, ఒక గోల్ హబీబ్‌దే. కలకత్తా ఆయన్ను బడేమియా అని పిలుచుకుంది. ఉద్యోగం వెనుక దాక్కోకుండా, ఆటే వృత్తిగా బతికిన తొలి భారతీయ ఫుట్‌బాలర్లలో ఆయన ఒకరు.

1966 వలసకూ 1957 వలసకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. 1966 తర్వాత ఈ రాష్ట్రం సంతోష్ ట్రోఫీ మళ్లీ గెలవలేదు. ప్రతిభ అప్పుడే ఎండిపోలేదు. 1974లో ఆసియా యూత్ టైటిల్‌ను ఇరాన్‌తో పంచుకున్న భారత జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ షబ్బీర్ అలీ. సికింద్రాబాద్‌కు చెందిన విక్టర్ అమల్‌రాజ్ కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకూ నాయకత్వం వహించారు. కుర్రవాళ్లు పుడుతూనే ఉన్నారు, ఒక్కొక్కరుగా వెళుతూనే ఉన్నారు. ఒక తరాన్ని మొత్తంగా తయారుచేసే ఏర్పాటు మాత్రం లేకుండా పోయింది. మైదానాలు తగ్గాయి, పిల్లల పోటీలు క్రమం తప్పాయి, ఆట కోసం ఉద్యోగమిచ్చే శాఖలు వెనుకడుగు వేశాయి, ఆటను నడపవలసిన సంఘాల్లో తగాదాలు పెరిగాయి.

దీనికి పోలిక ఒక చెరువు. తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువుకు ఏటా గూడబాతులు వస్తాయి. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని సాకి, ఎండలు ముదిరేసరికి ఎగిరిపోతాయి. అవి వెళ్లిపోయాయని ఆ ఊరివాళ్లెవరూ బెంగపడరు. చెరువులో నీరు, గట్టు మీద చెట్టు ఉంటే మళ్లీ వస్తాయని తెలుసు. అందుకే ఊరు చెరువును కాపాడుకుంటుంది. హైదరాబాద్ ఎగిరిపోయినవారిని లెక్కపెడుతూ కూర్చుంది, చెరువు సంగతి మరిచింది.

ఆ మరుపు ఎంత ఖరీదైనదో హబీబ్, నయీముద్దీన్‌ల తర్వాతి జీవితం చెబుతుంది. ఇద్దరూ శిక్షకులయ్యారు. 1987లో జంషెడ్‌పూర్‌లో మొదలైన టాటా ఫుట్‌బాల్ అకాడమీలో హబీబ్ కుర్రవాళ్లకు నేర్పారు. నయీముద్దీన్ కలకత్తా క్లబ్బులకూ, జాతీయ జట్టుకూ శిక్షణ ఇచ్చి 1990లో ద్రోణాచార్య పురస్కారం పొందారు. రహీం చేతి విద్య ఆ విధంగా బతికింది. అది ఎక్కువగా బతికిన చోటు మాత్రం ఇతర ఊళ్లు. పరిహారం లేని బదిలీలో ఊరు పోగొట్టుకున్న అతి పెద్ద ఆస్తి ఇదేనని నా నమ్మకం. ఆటగాడితో పాటు భావి గురువు కూడా వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆట చట్టం మారింది. బదిలీకి కాంట్రాక్టు ఉంది, రుసుము ఉంది, కుర్రవాణ్ణి పెంచిన క్లబ్బుకు శిక్షణ పరిహారం ఇవ్వాలని ఫిఫా నియమం ఉంది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ, మనోలో మార్కెజ్ శిక్షణలో 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి యువకులు ఆ జట్టుకు వెన్నెముక. ఆ వేసవిలోనే ఆశిష్ మోహన్ బగాన్‌కు, మరుసటి ఏడాది ఆకాశ్ ముంబయికి వెళ్లారు. 2023-24లో ఆర్థిక ఇబ్బందుల్లో పడ్డ క్లబ్బు, ఆటగాళ్లు సీజన్ మధ్యలోనే వెళ్లిపోగా లీగులో అట్టడుగున నిలిచింది. 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఈసారి రుసుములూ నియమాలూ అన్నీ ఉన్నా ఊరికి జట్టు మిగల్లేదు. 1957లో ఒక్క ఉపాధ్యాయుడు నిలబెట్టిన వరసను, 2022లో ఒక కప్పు నిలబెట్టలేకపోయింది.

2024 డిసెంబరు 31న గచ్చిబౌలి స్టేడియంలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. కేరళను ఓడించి పశ్చిమ బెంగాల్ తన 33వ టైటిల్ అందుకుంది. ఆతిథ్యం హైదరాబాద్‌ది, కప్పు కలకత్తాది.

ఈ చరిత్ర నుంచి తీసుకోవలసిన నిర్ణయం ఒకటుంది. మన పిల్లలు పెద్ద క్లబ్బులకు వెళ్లాలి. బలరాం వెళ్లకపోతే బలరాం ఆట అంత మంది చూసేవారు కాదు. వెళ్లిన ప్రతి ఒక్కరి పేరు మీద వచ్చే పరిహారం మాత్రం, నియమం ప్రకారం, వాళ్లు మొదట బంతి తన్నిన మైదానానికి చేరాలి. అది దొరవారిసత్రం బడి అయినా, అమ్ముగూడ బస్తీ అయినా సరే. ఆ డబ్బుతో ఒక జీతమున్న శిక్షకుడు, ఏటా తప్పకుండా జరిగే పిల్లల పోటీ, ఆటగాడికి కడుపు నింపే ఒక ఉద్యోగం నిలబడాలి. రహీం సాహెబ్ చేతిలో ఈ మూడూ ఉన్నన్నాళ్లు, ఎంతమంది వెళ్లినా హైదరాబాద్ పడిపోలేదు.