కన్యాశుల్క నాటకమునకు ముందున్న పట్టిక

శ్రీ గురజాడ వేంకట అప్పారావుగారి కన్యాశుల్క నాటకమును ఎఱుగని తెలుగువారు తక్కువ. గిరీశము మాటలు తలచుకొని నవ్వనివారు అంతకంటెను తక్కువ. కాని ఆ నాటకమునకు వెనుక లెక్కలు వ్రాసిన పట్టిక యొకటి కలదని మన సభ్యులలో పెక్కురకు తెలియకపోవచ్చును. కులమహాసభ సంచికలో నాటకప్రసంగ మేలయని పెద్దలు కొందఱు శంకింతురేమో. ఆ పట్టికలోనివి పెండ్లిండ్లు. పెండ్లిండ్ల సంగతి విచారించుటకు కులసభకంటె తగిన తావు వేఱొకటి లేదని మా తలంపు.

విజయనగర సంస్థానాధిపతులగు శ్రీ ఆనందగజపతి మహారాజులవారు, విశాఖపట్టణము జిల్లాలో బ్రాహ్మణ కుటుంబములయందు శుల్కము పుచ్చుకొని జరిపిన వివాహములకు మూడేండ్ల పట్టిక వ్రాయించిరి. లెక్కకు వచ్చినవి 1,034. అనగా సాలుకు 344. అందు ఐదేండ్ల ప్రాయపు వధువులు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు 6 గురు, ఏడాది నిండిన శిశువులు ముగ్గురు. ఈ శిశువులకు పలికిన వెల తలకు 350 మొదలు 400 రూపాయలవఱకు. తల్లికడుపులోనున్న బిడ్డకు సైతము బేరము కుదుర్చుకొనుట కలదట! సొమ్ము పుచ్చుకొన్నవారు దాచుటకే చూతురు గనుక నిజమైన సంఖ్య ఇంతకంటె నెక్కువయే యని యూహింపవచ్చును. ఈ లెక్కలను అప్పారావుగారు 1897లో తొలిముద్రణమునకు వ్రాసిన ఆంగ్లపీఠికలో చేర్చిరి. మహారాజులవారు మదరాసు శాసనసభలో ఈ దురాచారమును అరికట్టుటకు చేసిన ప్రయత్నము ఫలింపలేదు. నాటకము మాత్రము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1909లో క్రొత్త గ్రంథమో యనునంతగా పెరిగి మరల వెలువడెను.

మన్వాది స్మృతులు వివాహములను ఎనిమిది విధములుగా చెప్పి, ధనము గొని కన్యనిచ్చుటను ఆసురమనినవి. ఇంత స్పష్టముగా గర్హింపబడిన యాచారము శాస్త్రము చదివిన యిండ్లలోనే ఎట్లు వేళ్లు తన్నెను? దీనిని కేవలము ధనాశ యనుట చాలదు. పిల్లకు రజస్వల కాకమున్నే పెండ్లి కావలెను. భార్య పోయిన పురుషుడు ఎన్నిమారులైనను పెండ్లాడవచ్చును, భర్త పోయిన స్త్రీకి ఆ దారి లేదు. కావున అఱువదేండ్ల విధురుడును ఇరువదేండ్ల బ్రహ్మచారియు ఆ కొలదిమంది పసిపిల్లలకొఱకే పోటీపడవలసివచ్చెను. కఱవు గలచోట వెల పెరుగును. వెల పెట్టగలవాడు ముసలివాడు. వాడు నాలుగేండ్లకు గతించినచో ఇంట మఱియొక బాలవితంతువు. 1856లోనే వితంతు వివాహమునకు చట్టము అనుమతించినను, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు జరిపించువఱకు తెలుగుదేశమున అట్టి వివాహమునకు ఎవరును ముందుకు రాలేదు.

ఈ చక్రమునంతయు అప్పారావుగారు రెండు కుటుంబములలో చూపిరి. అగ్నిహోత్రావధానులు పెద్దకూతురు బుచ్చమ్మను అమ్మి వితంతువును చేసికొనెను. ఐనను చిన్నది సుబ్బిని 1,800 రూపాయలకు ముసలి లుబ్ధావధానులకు కుదిర్చెను. ఆ లుబ్ధావధానుల యింట వితంతువైన కూతురు మీనాక్షి ఉన్నది. కూతురి గతి కన్నులారా చూచుచునే తాను పసిపిల్లను కొనబోవుచున్నాడు! కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి అమ్మిన ఘట్టమున మనము నవ్వుదుము. కొనువానికి పిల్ల ముఖము చూచు పని సైతము లేదని దాని యర్థము. మేము గ్రాంథికమున పెరిగిన పాతకాలపు పంతుళ్లము. ఐనను వెంకమ్మ దుఃఖమును గ్రాంథికమున పలికించియుండినచో అది మనలను ఇంతగా తాకెడిది కాదని ఒప్పుకొనక తప్పదు.

ఇది ఉత్తరసర్కారుల కథ, మనకేమి యనరాదు. 1970 వఱకు కర్నూలు జిల్లాలో చేరియుండిన మన మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమలలో కష్టజీవులగు పెక్కు కులములవారు ‘ఓలి’ యిచ్చి పిల్లను తెచ్చుకొనుట వాడుక. ఓలికిని అవధానిగారి శుల్కమునకును భేదము కలదు. పొలమున పాటుపడు చేయి పుట్టింటికి తప్పిపోవుచున్నందులకు కులమర్యాదగా ఇచ్చునది ఓలి. అది బేరముచే వేలకు ఎగబ్రాకునది కాదు. పెండ్లికి ప్రభుత్వమునకు సుంకము చెల్లించు కాలము కూడ కలదు. శ్రీకృష్ణదేవరాయలనాడు కందనవోలు మొదలగు సీమలలో ఆ సుంకమును మాన్పినట్లు శాసనములు చెప్పుచున్నవి.

అంతకు దాదాపు నూఱేండ్లు ముందు, 1425 ప్రాంతమున, అదే రాయల రాజ్యములో వేలూరు చెంతనున్న విరించిపురము గుడిలో మఱియొక శాసనము చెక్కబడెను. పడైవీటి రాజ్యమునందలి కన్నడ, తమిళ, తెలుగు, లాట బ్రాహ్మణులు కూడి, ఇకమీదట కన్యాదానముగానే వివాహములు జరుపుదుమని అందు కట్టుబాటు చేసికొనిరి. బంగారము పుచ్చుకొన్న తండ్రియు, ఇచ్చిన వరుడును ఉభయులును రాజదండనకు పాత్రులు, కులమునకు వెలి. నేటి భాషలో చెప్పవలెనన్న అది కులమహాసభ తీర్మానమే. అందు పెద్దల చేవ్రాళ్లును కలవు. కాని ఎవరి యింట ఏమి జరిగెనో విచారించి వ్రాయు ఏర్పాటు అందు కనబడదు. నాలుగున్నర శతాబ్దములు గడచినపిమ్మట విశాఖపట్టణము జిల్లాలో లెక్క పెట్టగా 1,034 తేలెను.

తరువాత చట్టములు వచ్చినవి. 1929లో శారదాచట్టము, 1961లో వరకట్న నిషేధము, 2006లో బాల్యవివాహ నిషేధము. ఐనను 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిదేండ్లు నిండకయే పెండ్లియైనట్లు తేలినది. వానను నమ్మిన మన పడమటి పల్లెలలో తలిదండ్రులు కూలికై దూరదేశము పోవునపుడు, ఈడువచ్చిన పిల్లను ఇంట విడువలేక బడి మాన్పించి ముడిపెట్టుట మనము చూచుచున్నదే. ఆనాడు వరుడు సొమ్మిచ్చెను, ఈనాడు వధువు తండ్రి యిచ్చుచున్నాడు. సొమ్ము నడచు దిక్కు మాఱినదే కాని, పిల్ల నడుగకుండుట మాఱలేదు. మన సభలలో కట్నమును ఖండించుచు ప్రసంగించిన చేతులే మఱునాడు లాంఛనములు అందుకొనుట మేము చూడకపోలేదు.

కావున మహాసభవారికి మా మనవి. ఈ మారు ఇంకొక తీర్మానమునకు బదులు ఒక పుస్తకము తెఱువుడు. పేర్లు వ్రాయనక్కఱలేదు. వధువు వయస్సు, ఆమె చదివిన తరగతి, ఇచ్చిన సొమ్ము, పెండ్లికైన అప్పు అను నాలుగు గడులు చాలును. మార్కాపురము, గిద్దలూరు, కంభము, యఱ్ఱగొండపాలెము ప్రాంతముల సభ్యులు, ముఖ్యముగా సోదరీమణులు, తమ తమ యూళ్లలో గడచిన మూడేండ్ల వివాహములను విచారించి పంపినచో, శుద్ధప్రతి వ్రాసి వచ్చు సంచికకు అందించు పని మేము చేయుదుము. వ్రేళ్లు కొంచెము వణకుచున్నను అంకెలు ఇంకను గుండ్రముగనే వచ్చుచున్నవి.