స్వార్ ఎమ్మెల్యే పుట్టింది ఎప్పుడు?

ఉత్తరప్రదేశ్ రాంపుర్ జిల్లాలో స్వార్ అనే నియోజకవర్గం ఉంది. 2017 అసెంబ్లీ ఎన్నికల్లో అక్కడ సమాజ్‌వాదీ పార్టీ అభ్యర్థి అబ్దుల్లా ఆజం ఖాన్ 50 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. సీనియర్ నేత ఆజం ఖాన్ కుమారుడాయన. పేచీ ఓట్ల లెక్క మీద రాలేదు, వయసు మీద వచ్చింది. కొన్ని కాగితాల్లో ఆయన పుట్టినతేదీ 1993 జనవరి 1, ఊరు రాంపుర్. మరికొన్నిటిలో 1990 సెప్టెంబర్ 30, ఊరు లక్నో.

ముందు క్యాలెండర్ చూద్దాం. రాజ్యాంగం 173వ అధికరణం ప్రకారం అసెంబ్లీకి పోటీ చేసేవారికి 25 ఏళ్లు నిండాలి. ఏ రోజుకు నిండాలంటే, నామినేషన్ల పరిశీలన రోజుకు. స్వార్‌లో అది 2017 జనవరి 28. మొదటి తేదీ నిజమైతే ఆ రోజుకు ఆయనకు 24 దాటి నెల కూడా కాలేదు. రెండోదే నిజమైతే 26 నిండి నాలుగో నెల నడుస్తోంది. ఓటర్ల జాబితాతో ఈ పేచీ తీరదు. జాబితాలో పేరుంటే ఓటరన్నట్టే గాని, పాతికేళ్లు నిండాయన్నట్టు కాదు.

మొదటి ఆధారం టెన్త్ సర్టిఫికెట్. సీబీఎస్ఈ ఇచ్చిన ఆ పత్రంలో ఉన్నది 1993 జనవరి 1. ఇక్కడితో తేలిపోయిందనిపిస్తుంది. కానీ మన ఊళ్లలో బడి రిజిస్టర్లు ఎలా నిండేవో మనకు తెలుసు. పిల్లవాడి చెయ్యి పట్టుకుని ఎవరు తీసుకొస్తే వాళ్లు చెప్పిందే వయసు. తేదీ తెలియదంటే హెడ్మాస్టరే జూన్‌లోనో జూలైలోనో ఒకటో తారీఖు వేసేవారు. సర్కారు ఉద్యోగం దృష్టిలో పెట్టుకుని ఏడాదో రెండేళ్లో తగ్గించి రాయించే తల్లిదండ్రులూ ఉండేవారు. ఈ అలవాటు గురించి సుప్రీంకోర్టే 1960ల్లో బిహార్ ఔరంగాబాద్ ఎన్నికల కేసులో రాసింది.

ఆ కేసులోని ఒక కాగితం గురించి ఇక్కడ చెప్పాలి. ఊరి చౌకీదారు జననాలు నమోదు చేసే పుస్తకాన్ని అభ్యర్థి వయసుకు సాక్ష్యంగా తెచ్చారు. పుస్తకం సర్కారుదే, చౌకీదారూ సర్కారు మనిషే. అయితే ఆయనకు చదువు రాదు, ఎవరినో పట్టుకుని రాయించాడు. సర్కారు ఉద్యోగి తన విధిలో భాగంగా తానే రాసిన నమోదుకు దక్కే నమ్మకం, ఎవరి చేతో రాయించిన నమోదుకు దక్కదని కోర్టు దాన్ని పక్కన పెట్టింది.

1985లో జోధ్‌పుర్‌లో వచ్చిన చిక్కు దీనికి తిరగేసినది. 25 నిండలేదని ఇద్దరి నామినేషన్లను రిటర్నింగ్ అధికారి తోసిపుచ్చారు. బడి రిజిస్టరు, బోర్డు రికార్డు చూసిన హైకోర్టు వాళ్లకు వయసు నిండిందని తేల్చి, గెలిచిన అభ్యర్థి ఎన్నికనే కొట్టేసింది. 1988లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. రిజిస్టరు అసలైనదే కావచ్చు, మరి అందులోని తేదీని ఎవరు చెప్పగా రాశారు? తల్లా, తండ్రా, దారిన పోయేవాడా? దానికి సాక్ష్యం లేనప్పుడు ఆ తేదీకి విలువ లేదంది. ఇంతకంటే సూటి ప్రశ్న ఈ కేసుల్లో మరోటి నాకు కనబడలేదు.

ఆ ప్రశ్నతోనే స్వార్‌కు వద్దాం. అబ్దుల్లా పేరిట రాంపుర్ మునిసిపాలిటీ 2012 జూన్ 28న ఒక జనన ధ్రువీకరణ పత్రం ఇచ్చింది. 1993 జనవరి 1, రాంపుర్ అని ఉన్నది అందులోనే. అది వచ్చింది తల్లిదండ్రుల అఫిడవిట్ మీద. నా లెక్కలో ముడి వదులైంది ఇక్కడే. జోధ్‌పుర్‌లో దొరకని మనిషి ఇక్కడ దొరికాడు. బడిలో తేదీ ఎవరు రాయించినా, అదే తేదీని ఆ తర్వాత కన్నవాళ్లే ప్రమాణం చేసి చెప్పారు. పైగా అప్పటికి ఎన్నికా లేదు, తగాదా లేదు. తేదీని ముందుకో వెనక్కో జరపాల్సిన అవసరం ఎవరికీ రాకముందు చెప్పిన మాట అది.

రెండో తేదీ వెలుగులోకి వచ్చింది 2015లో. లక్నో క్వీన్ మేరీ ఆసుపత్రిలో 1990 సెప్టెంబర్ 30న పుట్టినట్టు లక్నో నగర పాలక సంస్థ జనవరి 21న ధ్రువీకరణ పత్రం ఇచ్చింది. ఆ వెంటనే రాంపుర్ పత్రం రద్దయింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ సంగతి పాతికేళ్ల తర్వాత నమోదు కావడమే తప్పని నేననను. మన దేశంలో ఆలస్యంగా నమోదైన నిజమైన జననాలు లక్షల్లో ఉంటాయి. వాటిని అనుమానంతో చూస్తే నష్టపోయేది ఏ కాగితమూ లేని పేదవాళ్లే. కానీ ఇక్కడ అసలు కాగితమే లేకపోవడం కాదు, ఉన్న కాగితాలకు ఎదురుగా మరోటి వచ్చింది, అదీ ఎన్నికలకు రెండేళ్ల ముందు.

పిటిషన్ వేసింది బీఎస్పీ నుంచి పోటీ చేసి ఓడిన నవాబ్ కాజిం అలీ ఖాన్. వయసు చాలదని రుజువు చేసే భారం మొదట ఆయనదే. పాత పత్రాలు ముందు పెట్టాక, అవెందుకు తప్పో చెప్పాల్సిన వంతు అబ్దుల్లాకు వచ్చింది. బిడ్డ ఎప్పుడు పుట్టాడో ఇంటివాళ్లకు తెలిసినట్టు బయటివాళ్లకు తెలియదు గదా. ఆ వివరణ కోర్టును ఒప్పించలేదు. 2019 డిసెంబర్ 16న అలహాబాద్ హైకోర్టు ఎన్నికను రద్దు చేసింది. 2022 నవంబర్ 7న సుప్రీంకోర్టు అప్పీలును కొట్టేసింది.

ఆ మాట వచ్చేటప్పటికి 2017 నాటి అసెంబ్లీ కాలమే ముగిసింది. 2022 ఎన్నికల్లో అబ్దుల్లా మళ్లీ స్వార్‌లో నిలబడ్డారు. ఏ తేదీతో లెక్కేసినా అప్పటికి పాతికేళ్లు దాటాయి. కాజిం అలీ ఖాన్ కుమారుడు హైదర్ అలీ ఖాన్ ఎదురు నిలిచారు. అబ్దుల్లానే గెలిచారు.