పాత ఆయుధము, దిద్దిన అంకె

అమెరికాలో ఒక మిత్రుని యింట పాత రివాల్వరు నొకదానిని పరీక్షించు అవకాశము నాకు కలిగినది. అది హార్ట్‌ఫర్డు నగరమున సామ్యుయేల్ కోల్టు కార్ఖానాలో తయారైన 1851 నాటి ‘నేవీ’ మాదిరి. “దీని భాగములు కొన్ని మారినవి. మొదటి రూపమునకు తెచ్చి, మెరుగు పెట్టింపవలెను” అని మిత్రుడు కోరెను.

ఈ ఆయుధము పుట్టిననాడు దీనికి ఇత్తడి తూటా లేదు. తిరుగు సిలిండరులోని ఆరు గదులలో ముందువైపునుండి మందును, సీసపు గుండును దట్టించి, వెనుకనున్న మొనలకు రాగి టోపీలు తొడిగెడివారు. సుత్తి దెబ్బకు టోపీలోని మందు మండి, గదిలోని మందును అంటింపగా, అది గుండును పంపెడిది. దెబ్బతో మండు మందును తుపాకికి మొదట ఉపయోగించి 1807లో పేటెంటు పొందినవాడు ఫోర్సైత్ అను స్కాట్లండు మతాచార్యుడు.

గదులు ఖాళీగా నున్నవని చూచుకొని, పరీక్ష ప్రారంభించితిని. సిలిండరు వెనుకభాగమును కోసి, ఇత్తడి తూటాలు పట్టునట్లు చేసియుండిరి. ఇది దోషము కాదు. వెనుకనుండి తూటా కూర్చు పద్ధతిపై నున్న పేటెంటు 1869లో ముగిసినది. పిమ్మట కోల్టు సంస్థయే పాత రివాల్వరులను పెక్కింటిని అట్లు మార్చినది. కోసిన చోటను, చట్రముమీదను అరుగుదల సమానముగా నుండెను. ఆ మార్పు కూడ చరిత్రయే.

కోల్టు కార్ఖానాలో ప్రధాన భాగములన్నింటిపై ఒకే వరుససంఖ్య ముద్రించెడివారు. గొట్టముపైని, చట్రముపైని అంకెలు అరిగి మొద్దువారినవి. మీట చుట్టునున్న ఇత్తడి కమ్మిపై మాత్రము అదే సంఖ్య పదునుగా నుండెను. దాని క్రింద ఆకురాతి గీతలు, కొంచెము పల్లము. ఎవరో పరాయి కమ్మిని తెచ్చి, దాని సంఖ్యను అరగదీసి, క్రొత్త సంఖ్యను కొట్టిరి.

పూర్వము కరణీకపు లెక్కలలో కొట్టివేత కనబడిన తప్పు గాదు. గీకి దిద్దిన అంకెయే తప్పు. ఇదియు నట్టిదే.

నేను ఎఱ్ఱ త్రుప్పును నూనెతో మెల్లగా తీసితిని, మెరుగు పెట్టలేదు. పెట్టినచో, సిలిండరు చుట్టును చెక్కిన 1843 నాటి కాంపేచీ నౌకాయుద్ధ చిత్రము చెరిగిపోవును. సిలిండరును మార్చుటకును ఒప్పుకొనలేదు. కమ్మి సంగతి చెప్పగా మిత్రుని ముఖము చిన్నబోయెను. “ఇది వ్రాసిపెట్టిన వెల సగము పోవునే!” అనెను. “వ్రాయకున్న కొనువాని నమ్మకము పోవును” అంటిని.

కొంతసేపు మౌనముగా నుండి, కాగితము తెచ్చి, తన చేతితోనే వ్రాసి పెట్టెలో నుంచెను. ఆ రివాల్వరునకు జరిగిన మరమ్మతులలో అదియే ఉత్తమమైనదని నా అభిప్రాయము.